ఎడమవైపు అర

మా ఆయనది మెడికల్ షాపు. కౌంటరు అవతల నిలబడ్డది ఎవరైనా సరే, ఏదైనా చేతికిచ్చే ముందు "వేరే మాత్రలేమైనా వాడుతున్నారా?" అని అడిగి తీరతారు. దగ్గు సిరప్ కోసం వచ్చినవాళ్లనీ అడుగుతారు, తలనొప్పి బిళ్ల కోసం వచ్చినవాళ్లనీ అడుగుతారు. కొందరిని ఏమీ ఇవ్వకుండా డాక్టరు దగ్గరికి తిరిగి పంపించేసి, చేతికొచ్చిన బేరం పోగొట్టుకుని, ఇంటికొచ్చి హాయిగా అన్నం తిని పడుకుంటారు. షాపులో అది మంచి అలవాటే, నేను కాదనను. కానీ షట్టరు దించేటప్పుడు ఆ ప్రశ్నని కూడా లోపలే పెట్టి తాళం వేసి రావాలి కదా? ఇంటికి మోసుకొస్తారు. పెళ్లైన కొత్తలో ముచ్చటపడి నాకు కాఫీ కలిపిచ్చి, కప్పు చేతికందిస్తూ అదే అడిగారు. అప్పుడు నవ్వుకున్నాను.

తర్వాత ఆ ప్రశ్నే నాకు పుట్టిల్లు లేకుండా చేసింది.

మేము ఈ ఇంట్లో చేరిన కొత్తలో చుట్టాలందర్నీ పిలిస్తే అన్నయ్యా వదినా కూడా వచ్చారు. మా అన్నయ్య ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు. గొంతు ఎంత పెద్దదో మనసు అంత పెద్దది. వాడు గదిలోకి వస్తే ట్యూబులైటు వేసినట్టుంటుంది. వాళ్లింట్లో హాలు నట్టనడుమ అద్దాలు బిగించిన బారు ఉంది. వెనక అద్దం, కింద రంగు దీపాలు, ఒక్కో సీసా రెండేసిగా కనిపిస్తుంది. వచ్చినవాళ్లందరికీ వాడే పోసి, వాడే కబుర్లు చెప్పి, అందర్నీ నవ్వించి పంపిస్తాడు. మా ఇంటికి వస్తూ సీసాతో పాటు గ్లాసులు కూడా తెచ్చుకున్నాడు. "మీ ఇంట్లో గ్లాసులుండవని తెలుసే మిరపకాయ్" అన్నాడు. నా కోపం చూసి చిన్నప్పుడే పెట్టిన పేరది. గ్లాసులో పోసుకుని, సోడా కలపమని మా ఆయన చేతికిచ్చాడు. మా ఆయన సోడా కలిపారు. గ్లాసు అందించబోయి, చెయ్యి అక్కడే ఆపి, హాలు నిండా జనం చూస్తుండగా అడిగేశారు.

"బావగారూ, వేరే మాత్రలేమైనా వాడుతున్నారా?"

అందరూ పగలబడి నవ్వారు. ఎవరో "పేషెంటు గారూ, ముందు నాలుక చూపించండి" అన్నారు. అన్నయ్య మొహం మాడిపోయింది. "నేను చుట్టంగా వచ్చాను, రోగిగా కాదు" అని లేచి, వదినని కూడా లేపి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత గడప తొక్కలేదు. నేను ఫోన్ చేస్తే పొడిపొడిగా మాట్లాడేవాడు, ఇంటికి రమ్మంటే పనులున్నాయనేవాడు. వదిన మాత్రం వాడు లేనప్పుడు ఫోన్ చేసేది. అమ్మా నాన్నా పోయాక నాకు పుట్టిల్లంటే వాడొక్కడే. వాడు రాకపోతే ఇక ఎవరొస్తారు నన్ను మిరపకాయ్ అని పిలవడానికి?

అలా ఏళ్లు గడిచాక ఒకరోజు వదిన ఫోన్ చేసి, ఏదో పని మీద మా ఊరు వస్తున్నామనీ, శనివారం సాయంత్రం మా ఇంటికి వస్తామనీ చెప్పింది. "నేను అనలేదు, ఆయనే అన్నారు" అంది. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. ఈసారి మా ఇంట్లో కూడా ఒక బారు ఉండాలి, అన్నయ్య స్థాయికి తగ్గట్టు ఉండాలి అనుకున్నాను. వాడు మా ఇంట్లో కూర్చుని ఒక్క గ్లాసు తాగి, నవ్వుతూ గుమ్మం దిగితే చాలు, నా పుట్టిల్లు నాకు తిరిగొచ్చినట్టే.

మా ఆయన షాపు నుంచి రాగానే మంచినీళ్లు కూడా ఇవ్వకుండా చెప్పాను.

"ఏమండీ, ఇంట్లో బారు పెట్టాలి. ఏమేం కావాలో మీరే చూడండి. కానీ ఒక్క మాట. ఆ ప్రశ్న అడగనని ఒట్టెయ్యండి."

ఆయన నోట్లో నాలుక లేని మనిషి. నేను గొంతు పెంచితే ఊ అనడం తప్ప ఎదురు చెప్పరు. ఆ రోజు మాత్రం ఎదురు ప్రశ్న వేశారు.

"అడక్కుండా ఎలా ఇస్తానోయ్?"

"మిమ్మల్ని ఇమ్మన్నదెవరు? ఆ ప్రశ్న నోట్లోంచి వస్తే నేనే బయటికి పోతాను."

ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, దాని వంకే చూస్తూ నిలబడ్డారు. "అయితే నేను ఇవ్వకూడదన్నమాట. వాళ్లే తీసుకోవాలి" అన్నారు. ఆ వెంటనే "సరే, అడగను" అన్నారు. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు నేను సంబరపడ్డాను గానీ, ఆయన బుర్రలో ఏం మెదిలిందో నాకు తట్టలేదు.

మర్నాడే పని మొదలైంది. మా ఆయన తాగరు. ఆ దుకాణం మెట్లు ఎప్పుడూ ఎక్కలేదు. వెళ్లడానికి ఒక పూటంతా తటపటాయించారు. వెళ్లాక మాత్రం ఎంతకీ రాలేదు. జరిగిందేమిటంటే, చేతికిచ్చిన ప్రతి సీసానీ తలకిందులు చేసి చూసి "దీని మీద ఎక్స్‌పైరీ ఎక్కడ వేశారండీ?" అని అడిగారట. దుకాణదారు కడుపు పట్టుకుని నవ్వి, తర్వాత జాలిపడి, స్టూలు వేసి కూర్చోబెట్టి పాఠం చెప్పాడట. విస్కీ మూత తియ్యకపోతే ఏళ్లకేళ్లు ఉంటుంది. వైను మూత తీశాక నాలుగు రోజులు ఆగదు. బిరడా ఉన్న సీసాని పడుకోబెట్టాలి, మూత తిప్పేదాన్ని నిలబెట్టాలి. దేనికీ ఎండ తగలకూడదు. "అంతా మన సరుకు లాంటిదేనోయ్, చల్లగా చీకట్లో ఉండాలి" అని ఇంటికొచ్చి మురిసిపోయారు.

ఆ సంచీలో ఉన్నవి చూసి నాకు నీరసం వచ్చింది. ఒక విస్కీ, ఒక రమ్ము, ఒక జిన్ను, ఒక ఎర్ర వైను, కొన్ని బీర్లు. అన్నయ్య ఇంట్లో అద్దం ముందున్న వరుసలతో పోలిస్తే ఇదొక లెక్కా?

"ఇంతేనా?"

"ఇళ్లల్లో అడిగేవి ఇవేనట. ఎవరూ అడగనివి తెస్తే దుమ్ము తుడవడానికే సరిపోతుంది. షాపులో నాకు ఆ అనుభవం ఉంది."

అక్కడితో ఊరుకున్నాను. అసలు యుద్ధం ఎక్కడ పెట్టాలన్న దాని మీద జరిగింది. హాల్లో సోఫాకి ఎదురుగా మా షోకేసు ఉంది. దాన్నే బారు చెయ్యమన్నాను. లోపల దీపం పెడితే వచ్చినవాళ్ల కళ్లు చెదరాలి. ఆయన కాదన్నారు. హాలు నుంచి వంటింటికి వెళ్లే దారిలో గోడ మలుపు తిరిగే చోట ఒక మూల ఉంది. చీపురు, గొడుగులు పెట్టుకునే మూల. షోకేసుని అక్కడికి జరిపించారు. అక్కడ నిలబడ్డ మనిషి హాల్లోవాళ్లకి వీపు కూడా పూర్తిగా కనిపించదు. వంటింటి గుమ్మంలోంచి చూస్తే తప్ప చేతులు కనిపించవు.

"ఎవరైనా ఇంటి అందాన్ని మూల పెడతారా?" అని ఒంటికాలి మీద లేచాను. దానికి గ్లాసు పెట్టుకునే పలక బిగించడానికి వచ్చిన వడ్రంగి కూడా నా పక్షమే. "అమ్మగారు చెప్పిందే కరెక్టు సార్, ఇక్కడ పెడితే షో ఉండదు" అన్నాడు.

"షో వద్దు బాబూ, మోచెయ్యి ఆనించుకుని నింపాదిగా పోసుకోవడానికి వీలుండాలి" అన్నారు ఈయన. తనే అక్కడ నిలబడి, మోచెయ్యి ఎంత ఎత్తులో ఉందో చూపించి, మడిచే పలక ఆ ఎత్తులో బిగించమన్నారు. దీపం కూడా అంతే. పసుపు బల్బు, పైన రేకు డొప్ప. వెలుతురు సీసాల మీదా పలక మీదా పడుతుంది, నిలబడ్డవాళ్ల మొహం మీద పడదు. వడ్రంగి నా వంక జాలిగా చూశాడు. నేనూ వాడి వంక అలాగే చూశాను.

అయితే ఒకటి చెప్పాలి. పని చేస్తున్నప్పుడు మా ఆయనని చూడటం నాకిష్టం. ఎప్పుడూ ఇష్టమే, పైకి అనను. గ్లాసులు కొన్నారు. అడుగు బరువుగా ఉన్న పొట్టివి, సోడా కలుపుకోవడానికి పొడుగువి, వైనుకి కాడ ఉన్నవి. వాటిని వేడినీళ్లలో కడిగి, సబ్బు వాసన పోయిందో లేదో ఒక్కోటీ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, పాత మెత్తటి చీరముక్క మీద బోర్లించి, ఆరాక కిటికీ వెలుతుర్లో తిప్పి తిప్పి చూశారు. వేలిముద్ర కనిపిస్తే మళ్లీ మొదలు. ఫ్రిజ్జులో పైఅరంతా ఖాళీ చేయించారు, ఐసుకి చేపల వాసన పడుతుందని. కాచి చల్లార్చిన నీళ్లని స్టీలు గిన్నెల్లో గడ్డ కట్టించారు. చిన్న ముక్కలైతే తొందరగా కరిగి గ్లాసంతా నీళ్లవుతుందట, పెద్ద గడ్డయితే నిలుస్తుందట. నిమ్మకాయలు ముందుగా కొయ్యనివ్వలేదు. సోడాలు తలుపు దగ్గర కాదు, లోపలి అరలో చల్లబడాలన్నారు. కొలతకని మాత్రం సిరప్ సీసా మీదుండే ప్లాస్టిక్ మూత తెచ్చి పెట్టారు. "ఆ మూత నాకు మళ్లీ కనిపిస్తే మూలన మిమ్మల్ని పెడతాను" అన్నాను. సాయంత్రానికి బుద్ధిగా స్టీలు కొలత తెచ్చుకున్నారు, ఒక వైపు పెద్దది, ఒక వైపు చిన్నది.

షోకేసులో రెండు అరలున్నాయి. కుడివైపు అరలో తెచ్చిన సీసాలన్నీ సర్దేశారు. ఎడమవైపు అర ఖాళీ. దాని కోసం నా వంటింటిని పీకి పందిరేశారు.

కమలాపండు తొక్కలు ఎండబెట్టారు. లవంగాలు నలిపి వాటితో కలిపి నీళ్లలో నానబెట్టారు. అల్లం దంచి, వడగట్టి, పంచదారతో పాకం పట్టారు. టీ డికాక్షన్ కాచి చల్లార్చి, నీళ్లు కలుపుతూ పసుపు బల్బు కింద విస్కీ సీసా పక్కన పెట్టి చూసుకున్నారు, రంగు రెండింటికీ ఒక్కలా ఉండాలని. ప్రతి సాయంత్రం ఒక గ్లాసు నా చేతిలో పెట్టి "ఎలా ఉంది?" అనేవారు.

"కషాయంలా ఉంది."

పారబోసి మళ్లీ చేసేవారు.

"జ్వరం తగ్గిపోయేలా ఉంది."

అదీ పారబోశారు. నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒకరోజు ఇచ్చిన గ్లాసు మాత్రం వేరేగా ఉంది. ముందు టీ వగరు, తర్వాత తొక్క చేదు, మింగాక గొంతులో అల్లం మంట. గటగటా తాగడానికి కుదరలేదు, ఒక్కో గుక్కకీ ఆగాల్సి వచ్చింది. గ్లాసు అయ్యేదాకా మాట్లాడుతూ కూర్చున్నాను.

"అదీ కావలసింది" అన్నారు ఆయన, మొహం వెలిగిపోతూ. "ఆగి ఆగి తాగేలా ఉండాలి. అప్పుడే పక్కవాళ్లతో సమంగా కూర్చోగలరు."

"ఇంత శ్రమ ఎవరి కోసం? తాగనివాళ్లకి కూల్‌డ్రింకు ఇస్తే పోదా?"

"ఇస్తే ఏమవుతుందో చూశావా ఎప్పుడైనా? రంగునీళ్ల గ్లాసు, అందులో ఒక గొట్టం. హాల్లో ఉన్నవాళ్లంతా అదేంటి, నువ్వు తాగవా, ఎందుకు, ఎప్పట్నుంచి, ఒక్కటేసుకో ఏం కాదు అంటారు. పాపం అతను వందమందికి జవాబు చెప్పుకోవాలి. మా షాపులో చూడు, కొందరు కౌంటరు ముందుకి రారు. పక్కకొచ్చి, ఎవరూ లేకుండా చూసి, చెవిలో చెప్తారు. అందరిలో చెప్పుకోలేనివి ఉంటాయి కదోయ్ మనుషులకి."

నిజం చెప్పాలంటే అప్పుడు నాకు అదంతా చాదస్తం అనిపించింది. మా అన్నయ్య గ్లాసెత్తితే హాలంతా గ్లాసెత్తుతుంది. వాడొచ్చిన రోజున ఈ అల్లం నీళ్లు ఎవడు ముట్టుకుంటాడు అనుకున్నాను. అదే రంగు సీసాల్లో పోసి, అవే మూతలు పెట్టి, ఎడమవైపు అర నిండా ఆయన సర్దుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను.

శనివారం సాయంత్రం ఇంకా వెలుతురు ఉండగానే వచ్చారు. అన్నయ్య కాస్త తగ్గాడు, చొక్కా వదులైంది. గొంతు మాత్రం అదే. గుమ్మంలోంచే "ఏమే మిరపకాయ్!" అని కేకేశాడు. నాకు ఏడుపొచ్చేసింది. కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి రమ్మన్నాను. మా పై వాటాలో ఉండే డ్రాయింగ్ మాస్టారినీ వాళ్లావిడనీ కూడా పిలిచాం, నలుగురుంటే అన్నయ్యకి హుషారు అని. వేయించిన వేరుశనక్కాయలు, ఉడికించిన గుడ్లు, దోసకాయ ముక్కలు బల్ల మీద పెట్టాను. మొదట కాసేపు అందరం కుర్చీల అంచున కూర్చున్నట్టే కూర్చున్నాం. మా ఆయన, అన్నయ్య ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

అప్పుడు మా ఆయన లేచి గొంతు సవరించుకున్నారు. కళ్లతోనే ఆయన్ని హెచ్చరించాను.

"అదిగో, ఆ మలుపులో అన్నీ సర్దాను" అన్నారు. "కుడివైపు అరలో కొనుక్కొచ్చినవి ఉన్నాయి. ఎడమవైపు అరలో ఉన్నవి నేను ఇంట్లో చేసినవి, వాటిలో ఆ సరుకు లేదు. చూడ్డానికి రెండూ ఒకటే. గ్లాసులూ ఐసూ అక్కడే ఉన్నాయి. ఎవరికి కావలసింది వాళ్లే పోసుకోండి. ఎవరు ఏం పోసుకున్నారో ఎవరూ చూడరు, నేనూ చూడను."

అని కూర్చుని వేరుశనక్కాయలు వలుచుకోవడం మొదలుపెట్టారు. డ్రాయింగ్ మాస్టారు "ఇదేదో పరీక్ష లాగా ఉందే" అని నవ్వుతూ ముందు వెళ్లి గ్లాసు నింపుకొచ్చారు. అన్నయ్య తొడ చరిచి లేచాడు. "ఇవాళ మా బావ బారులో తాగకపోతే ఇంకెక్కడ తాగుతాం!" అని హాలంతా మోగేలా అని మలుపు వైపు నడిచాడు. నాకు గాల్లో తేలిపోతున్నట్టుంది. ఇంకాస్త ఐసు తేవడానికి వంటింట్లోకి వెళ్లాను. వదిన నా వెనకే వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. నావల్ల కావట్లేదు" అంది. "ఆసుపత్రిలో ఉండి వచ్చారు. కాలేయం బాగా పాడైందట, చుక్క కూడా ముట్టకూడదన్నారు. అప్పట్నుంచి ఎవరింటికీ వెళ్లడం లేదు. పిలిస్తే పనుందంటారు. మన ఇంట్లో ఆ అద్దాల బారుకి దుప్పటి కప్పేశారు. ఇవాళ నీ కోసం వచ్చారు. ఒక్క గ్లాసు తాగకపోతే మిరపకాయ్ మనసు కష్టపెట్టుకుంటుంది, ఒక్కటే అన్నారు. వద్దంటే నామీద అరిచారు."

ఒక్క గ్లాసు తాగి వెళ్తే చాలని మనసులో అన్ని రోజులు కోరుకున్నది నేనే కదా. పరుగెత్తి వెళ్లి చేతిలో గ్లాసు లాగేసుకోవాలనిపించింది. లాగేసుకుంటే? అందరి ముందూ మళ్లీ అదే అవమానం. వాడు మళ్లీ చెప్పులేసుకుంటాడు, ఇక జన్మలో రాడు. లాగకపోతే? హాల్లో మా ఆయన వేరుశనక్కాయలు వలుస్తున్నారు. ఆయన నోరు కట్టేసింది నేనే. ఒకే ఒక్క మనిషి అడగగలిగిన మాట అడగకుండా ఒట్టేయించుకున్నాను.

వదినా నేనూ వంటింటి గుమ్మంలో నిలబడి చూశాం. అక్కణ్నుంచి మలుపులో పసుపు వెలుగు కనిపిస్తుంది. అన్నయ్య మొహం చీకట్లో ఉంది, చేతులు మాత్రం వెలుతుర్లో ఉన్నాయి. మోచెయ్యి పలక మీద ఆనించుకున్నాడు. కుడిచెయ్యి కుడివైపు అరలోకి వెళ్లి విస్కీ సీసా తీసింది. మూత తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. వదిన నా చెయ్యి నొక్కేస్తోంది. తర్వాత మూత బిగించి, సీసాని ఎక్కడ తీశాడో అక్కడే, పేరు బయటికి కనిపించేలా పెట్టాడు. ఎడమవైపు అరలోంచి ఒకటి తీసి పోసుకున్నాడు. పటకారుతో ఐసుగడ్డ వేసుకున్నాడు, సోడా పోశాడు. అన్నీ తీరిగ్గా, తన ఇంట్లో పోసినట్టే. ఒక గుక్క తాగి చూసి, గొంతులో మంట తగిలినట్టుంది, తల ఊపి, ఇంకాస్త పోసుకున్నాడు.

వదిన గోడకి ఆనుకుని కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఆ షోకేసు వంక, ఆ డొప్ప దీపం వంక, మోచేతి ఎత్తు పలక వంక చూస్తూ ఉండిపోయాను. మూలన ఎందుకు పెట్టారో, మొహం మీద వెలుతురు ఎందుకు పడనివ్వలేదో అప్పుడు నా మట్టిబుర్రకి ఎక్కింది. నాతో ఇన్నాళ్లు కాపురం చేసిన మనిషి ఇంత గొప్పవాడని నాకు తెలియదు. ప్రశ్న అడగొద్దంటే, అడిగే అవసరమే లేకుండా ఒక మూలని కట్టి పెట్టారు. నేను ఆయన్ని చాదస్తుడనుకున్నాను, వడ్రంగితో కలిసి జాలిపడ్డాను. ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చి, ఏం చెయ్యాలో తెలియక, ఐసు గిన్నె పట్టుకుని అక్కడే నిలబడ్డాను. వేళ్లు మొద్దుబారాక గానీ గిన్నె సంగతి గుర్తుకు రాలేదు.

అన్నయ్య గ్లాసు ఎత్తి పట్టుకుని హాల్లోకి వెళ్లాడు. ఇక చూడాలి వాడి సంబరం. లిఫ్టులో కరెంటు పోతే లోపల ఇరుక్కున్న లావుపాటి ఇంటి ఓనరుకి తాడుతో అరటిపళ్లు దించిన కథ చెప్పాడు. మాస్టారికి నవ్వి నవ్వి పొలమారింది. మాస్టారి భార్య కూడా వెళ్లి గ్లాసు నింపుకొచ్చింది. ఆవిడ ఏ అరలోది పోసుకుందో నాకు తెలియదు, అడగలేదు. అన్నయ్య రెండోసారి వెళ్లి నింపుకొచ్చి, ఈసారి మా ఆయన పక్కన కూర్చున్నాడు. వేరుశనక్కాయల గిన్నె ఇద్దరి మధ్యకి జరిగింది. గ్లాసులో ఐసుగడ్డ ఇంకా పెద్దగానే ఉంది. అన్నయ్య దాన్ని తిప్పుతూ ఉన్నట్టుండి అన్నాడు.

"ఏం బావా, ఇవాళ ఆ ప్రశ్న అడగవేం?"

మా ఆయన వలుస్తున్న కాయని అలాగే పట్టుకుని నా వంక చూశారు. ఒట్టు తీసేది నేనే కదా.

"అడగండి" అన్నాను.

ఆయన చేతులు దులుపుకుని, కుర్చీ కాస్త అటు తిప్పి, షాపులో కౌంటరు అవతలి మనిషిని అడిగినట్టే నెమ్మదిగా అడిగారు.

"బావగారూ, వేరే మాత్రలేమైనా వాడుతున్నారా?"

ఎవరూ నవ్వలేదు.

"వాడుతున్నా బావా" అన్నాడు అన్నయ్య. "కాలేయానికి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, ఇంకోటి ఏదో తెల్లది. ఇక తాగకూడదన్నారు. ఇది నీ ఎడమ అరలోదే." గ్లాసు బల్ల మీద పెట్టాడు. వాడి గొంతు అంత చిన్నగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. "ఆ రోజు నువ్వు అడిగినప్పుడు కూడా వాడుతున్నా. డాక్టర్లు అప్పుడే మొదలుపెట్టారు. ఇంట్లో కూడా చెప్పలేదు, దానికి కూడా తెలియదు" అని వదినని చూపించాడు. "నీకెలా తెలిసిపోయిందా అని భయమేసింది. అవమానం కాదు బావా, భయం. అందుకే లేచి వెళ్లిపోయా. అప్పుడే నిజం చెప్పి గ్లాసు కింద పెట్టేసి ఉంటే..."

"నాకేం తెలియదు బావగారూ" అన్నారు మా ఆయన, కంగారుగా. "నేను అందర్నీ అడుగుతాను."

అన్నయ్య ఆయన వంక చూశాడు. నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకున్నాడు. మా ఆయన మాత్రం నవ్వలేదు. మొహం షాపులో ఉన్నప్పటిలా అయిపోయింది.

"ఆ పొద్దుటిది తిన్నాక వేసుకుంటున్నారా, తినకముందా?"

"తిన్నాక."

"పేరు చెప్పండి."

అన్నయ్య చెప్పాడు.

"అది పరగడుపున వేసుకోవాల్సింది. రేపు షాపుకి రండి, చీటీ తీసుకుని. ఆ తెల్లది కూడా పట్టుకు రండి, చూస్తాను."

"రేపు ఉదయం బయల్దేరాలి బావా."

"ఎల్లుండి వెళ్లొచ్చు" అన్నారు ఆయన.

అన్నయ్య వదిన వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు. "ఏమే మిరపకాయ్, మాకు పక్కలున్నాయా ఇంట్లో?" అన్నాడు.

నేను దుప్పట్లు తీయడానికి లోపలికి పరుగెత్తాను.